ముప్పై నాలుగిళ్ళ పంతులమ్మ

ఆల్మా బ్రెకేకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా అవుననదు, కాదనదు. "మీ ఇంటికొచ్చి చూస్తాను" అంటుంది. అని ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. వచ్చేస్తుంది. అదీ పాలు పితికే వేళకు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, చంకలో ఒక పుస్తకం పెట్టుకుని మరీ వస్తుంది.

ఈ జబ్బు సంగతి హారల్డ్ సోర్లీకి మొదటిరోజు తెలియదు. విస్కాన్సిన్‌లోని ఎల్క్ బెండ్ హైస్కూల్లో ఆయన ఇరవై ఆరేళ్ళుగా వ్యవసాయం చెబుతున్నాడు. ఏటా జనవరి చివర్లో యూనివర్సిటీవాళ్ళు ఒక శిక్షణ టీచరును పంపుతారు. పద్నాలుగు వారాలు ఆ మనిషి చేత పాఠాలు చెప్పించి, పనికొస్తాడో రాడో ఫారంలో రాయడం సోర్లీ వంతు. ఆ ఫారం బాగుంటేనే ఉద్యోగం. అంతకుముందు ఏడాది వచ్చిన కుర్రాడు కోడిని చూసి కుర్చీ ఎక్కాడు. దానికీ ముందు ఏడాది వచ్చినవాడు వెల్డింగు నేర్పబోయి తన కోటునే బల్లకు అతికించుకున్నాడు. కాబట్టి ఎత్తుగా, దిట్టంగా, తలుపు కన్నా కొంచెమే తక్కువ వెడల్పుతో ఆల్మా లోపలికి రాగానే సోర్లీ ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, ఈ క్లాసు పిల్లలందరికీ ఇంటి దగ్గర ఒక సొంత ప్రాజెక్టు ఉండాలి. దూడో, పందిపిల్లో, నాలుగు కోళ్ళో పెంచి పుస్తకంలో రాయాలి. అది లేనివాళ్ళు క్లాసు పాసవరు. నువ్వు ఎనిమిదిళ్ళు చూసిరావాలి, అంతే."

"క్లాసులో పిల్లలు ఎంతమంది సార్?"

"ముప్పై నలుగురు."

"అయితే ముప్పై నాలుగిళ్ళు."

"కాగితంలో ఎనిమిది అనుంది."

"కనీసం ఎనిమిదా సార్, ఎక్కువలో ఎక్కువ ఎనిమిదా?"

సోర్లీ కళ్ళజోడు పెట్టుకుని కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఎనిమిది అని మాత్రమే ఉంది. ఆయన కళ్ళజోడు తీసేలోపు ఆల్మా హాజరుపట్టీ నకలు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఇక క్లాసు సంగతి. అక్కడి పిల్లలు నడక కన్నా ముందు ట్రాక్టరు నేర్చినవాళ్ళు. కొత్త టీచరు దొరికితే వదులుతారా? మొదటి పాఠం మొదలుకాకుండానే డ్వేన్ అనే వెనకబెంచీ పిల్లాడు చెయ్యెత్తాడు.

"మిస్, ఆవుకి పైదవడలో ముందు పళ్ళు ఎన్ని?"

పళ్ళుండవని అక్కడ నాలుగేళ్ళ పిల్లకైనా తెలుసు. ఎన్నో ఒక అంకె చెబుతుందని అందరూ నవ్వు బిగబట్టుకుని కూర్చున్నారు.

"మీ ఇంటికొచ్చి చూస్తాను" అంది ఆల్మా.

క్లాసంతా పడీపడీ నవ్వింది. మర్నాడు ఉదయం ఐదున్నరకు డ్వేన్ కొట్టంలోకి వెళ్ళేసరికి వాళ్ళ పెద్దావు నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆల్మా నిలబడి ఉంది. "లేవు. రెండోదాన్ని పట్టుకో" అంది. వాళ్ళకు నలభై ఒక్క ఆవులున్నాయి. స్కూలు బస్సు వచ్చేదాకా డ్వేన్ ఆవుల్ని పట్టుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా అతను క్లాసులో చెయ్యెత్తలేదు.

"నీకు తెలియదా ఏమిటి? డెయిరీలో పుట్టిన పిల్లవి" అని సోర్లీ అడిగాడు.

"మా నాన్న ఆవులకి లేవని తెలుసు సార్. వాళ్ళ ఆవులకి సంగతి నాకెలా తెలుస్తుంది?"

అది మొదలు. రోజుకో ఇల్లు, ఒక్కోరోజు రెండు. వెళ్ళినచోట ఊరికే నిలబడదు. పేడ ఎత్తుతుంది, మేత వేస్తుంది, దూడకు సీసా పట్టిస్తుంది. కూర్చో తల్లీ అంటే కూర్చోదు. అంత పని చేసిన మనిషిని తిండి పెట్టకుండా పంపిస్తే ఇల్లాలికి పరువు తక్కువ. కాబట్టి ప్రతి ఇంట్లోనూ బంగాళాదుంపల హాట్‌డిష్ ఓవెన్లోంచి పొగలు కక్కుతూ వచ్చేది. రెండిళ్ళు తిరిగిన రోజు రెండు భోజనాలు. ఆరోవారానికి ఆల్మా కోటుకి గుండీలు పడటం మానేశాయి.

ఊరు కూడా తక్కువ తినలేదు. ఆమె ఒక ఇంట్లోంచి బండి తీయగానే ఆ ఇల్లాలు ఫోను ఎత్తేది. "ఇప్పుడే బయల్దేరింది, మీ వైపే తిరిగింది" అనేది. అవతలివాళ్ళు పార పట్టుకుని కొట్టంలోకి పరుగు. ఎవరింటికి వస్తుందో కచ్చితంగా తెలియదు కాబట్టి రోడ్డు పొడుగునా ఉన్నవాళ్ళందరూ కడుక్కునేవారు. మార్చిలో పాల తనిఖీ అధికారి వచ్చి, వరసగా పదకొండు కొట్టాలు అద్దాల్లా మెరుస్తుంటే కంగారుపడ్డాడు. స్టాన్ జెల్కీ అనే రైతును పట్టుకుని, "ఏమిటయ్యా, గవర్నరుగాని వస్తున్నాడా?" అని అడిగాడు.

"గవర్నరైతే ముందే కబురు చేస్తాడు, మాకీ బాధ లేదు" అన్నాడు స్టాన్.

కాని ఈ తిరుగుళ్ళకు ఎక్కడో ఒకచోట దెబ్బ తగలాలి కదా. క్లాసులో తగిలింది. పాఠం ముందురోజే రాసి సోర్లీకి చూపించాలి. పదకొండు పాఠాలు బాకీ పడింది. మట్టిరకాల పాఠం చెబుతూ చెబుతూ నల్లబల్లకి ఆనుకుని నిలబడే నిద్రపోయింది. పిల్లలు ఆమెను లేపలేదు. పాఠం వాళ్ళే పూర్తి చేసుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. సోర్లీ రోజూ చెప్పి చూశాడు. బతిమాలాడు, కేకలేశాడు. "అలాగే సార్" అనేది, సాయంత్రం బూట్లు తొడిగేది.

పన్నెండోవారంలో యూనివర్సిటీ నుంచి డాక్టర్ ప్రూయిట్ వచ్చాడు. ఫారం మీద ఆఖరి సంతకం ఆయనది. వెనకబెంచీలో కూర్చుని దాణా లెక్కల పాఠం విన్నాడు. పాఠం బాగానే సాగింది. చివర్లో ఒక పిల్ల, "మిస్, మా ఆవు ఇదంతా తింటుందా?" అని అడిగింది. సోర్లీ కళ్ళు మూసుకున్నాడు. జవాబు ఏం వస్తుందో ఆయనకు తెలుసు.

"మీ ఇంటికి మళ్ళీ ఒకసారి వచ్చి చూస్తాను" అంది ఆల్మా.

ప్రూయిట్ క్లాసయ్యాక ఆమెను పిలిచాడు. "ఎన్నిళ్ళు చూశారు?"

"ముప్పై మూడు సార్."

"ఎనిమిది చూడమన్నాం. పదకొండు పాఠాలు రాయలేదు. మీరు టీచరు కాబోతున్నారా, తపాలా బంట్రోతు కాబోతున్నారా? ఈ వారాంతంలోపు పాఠాలన్నీ నాకు పోస్టు చెయ్యాలి. ఇంకొక్క గుమ్మం తొక్కారంటే మాత్రం ఫెయిల్ అని రాస్తాను. ఆ పైన నా చేతిలో ఏమీ లేదు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. సోర్లీకి కూడా హాయిగా అనిపించింది. ఇకనైనా పీడ వదిలిందనుకున్నాడు. ఆల్మా మూడురోజులు కూర్చుని పదకొండు పాఠాలూ రాసింది. శుక్రవారం మధ్యాహ్నం వాటిని పోస్టులో వేసి వచ్చి, బూట్లు తొడగడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు సోర్లీ.

"ముప్పై నాలుగో ఇంటికి సార్."

"నీకు మతి ఉందా? పన్నెండు వారాల కష్టం మట్టిలో కలుస్తుంది. ఆ ఒక్కటీ వదిలెయ్."

"ఆ ఒక్కటీ వదిలేస్తే మిగతా ముప్పై మూడూ ఎందుకు తిరిగినట్టు సార్?" అంటూ ఆల్మా చంకలోంచి ఒక పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది.

అది జోలీన్ వాంటా ప్రాజెక్టు పుస్తకం. తొమ్మిదో క్లాసు పిల్ల, కిటికీ పక్కన కూర్చుంటుంది, నోరు విప్పదు. పెయ్యదూడను మేపుతున్నానని, దాని బరువు వారం వారం రాస్తోంది. దస్తూరి ముత్యాల్లా ఉంది.

"బాగానే ఉందిగా" అన్నాడు సోర్లీ.

"పెరిగిన బరువు చూడండి సార్."

చూశాడు. నవంబరు దాకా ఒక వారం తొమ్మిది పౌన్లు, ఒక వారం పదిహేడు, ఒక వారం పదకొండు. నవంబరు తర్వాత ప్రతి వారం పద్నాలుగు. మంచు తుఫాను వచ్చిన వారం కూడా పద్నాలుగే. ఏ దూడా అలా పెరగదు. నవంబరులో వాంటావాళ్ళు ఆవుల్నీ దూడల్నీ మొత్తం వేలానికి పెట్టారని సోర్లీకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేలానికి తను స్వయంగా వెళ్ళాడు, నిలబడి శాండ్‌విచ్ కూడా తిన్నాడు. తర్వాత ఈ పుస్తకంలో ఐదుసార్లు సంతకం పెట్టాడు. ఆయనకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

"ఎప్పుడు కనిపెట్టావ్?"

"మొదటివారంలోనే సార్. మే నెలలో మీరు ప్రాజెక్టులు చూడటానికి వెళ్తారు కదా, దూడ లేదని తేలితే ఆ పిల్ల క్లాసు తప్పుతుంది. ముందే వెళ్దామా అంటే, నేను ఆ ఒక్క ఇంటికే వెళ్తే ఈ ఊరి ఫోన్ల సంగతి మీకు తెలిసిందే. ఆ పిల్ల గుట్టు సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అందరిళ్ళకీ వెళ్తే అది నా పిచ్చి అంటారు. నా పిచ్చి గురించి మాట్లాడుకుంటే నాకేం?"

"మొదటిరోజే ముప్పై నాలుగిళ్ళన్నావు. అప్పటికి ఈ పుస్తకం చూడలేదుగా?"

"అప్పుడు నిజంగా పిచ్చే సార్" అని ఆల్మా ఒప్పుకుంది. "తర్వాత పనికొచ్చింది."

"పోనీ, ముందే అక్కడికి వెళ్ళొచ్చుగా? ఆఖరు దాకా ఎందుకు ఆగావ్?"

"ఉత్తచేతుల్తో వెళ్ళి ఏం చెయ్యను సార్? దూడ దొరకాలి కదా."

సోర్లీ పుస్తకం మూశాడు. తర్వాత ఫోను దగ్గరికి వెళ్ళి ప్రూయిట్‌కి చేశాడు.

"ముప్పై నాలుగో ఇల్లు నేను చూడటానికి వెళ్తున్నానండీ. నా కారు పాడైంది. ఆల్మా బండి నడుపుతుంది."

"మీ కారు నిజంగా పాడైందా?" అన్నాడు ప్రూయిట్.

సోర్లీ కిటికీలోంచి తొంగిచూశాడు. కింద కారు నిక్షేపంగా నిలబడి ఉంది. "కిందికెళ్ళి పాడుచేసి మళ్ళీ ఫోను చెయ్యమంటారా?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది. ఆఖరికి ప్రూయిట్, "బండి నడిపే మనిషి దిగకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు" అని పెట్టేశాడు.

ఆల్మా పికప్ బండి వెనక గోనెపట్టా కప్పి ఉంది. పట్టా కింద ఏదో కదులుతోంది.

"ఏమిటది?"

"బోధనోపకరణం సార్."

బోధనోపకరణం అంబా అంది.

అది స్టాన్ జెల్కీ ఇచ్చిన పెయ్య. ఐదువారాల కిందట ఆల్మా ఆయన ఇంటికి వెళ్ళిన పొద్దున ఆవు కవలల్ని ఈనుతోంది. రెండోది అడ్డం తిరిగితే ఆల్మాయే లోపలికి చెయ్యి పెట్టి తీసింది. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య చూలు కట్టదు, పాడికి పనికిరాదు. "నీకేదైనా ఇద్దామంటే పుచ్చుకోవు. ఇది నాకెందుకూ కొరగాదు, నువ్వు తీసుకుపో టీచరమ్మా" అన్నాడు స్టాన్. మేపి బరువు పెంచే ప్రాజెక్టుకు అంతకన్నా ఏం కావాలి? నిలదొక్కుకునేదాకా అక్కడే ఉంచమని, ఎవరికోసమో మాత్రం చెప్పకుండా వచ్చింది ఆల్మా.

జోలీన్ వాంటా కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దూడ లేదు సార్. మా నాన్న... పచ్చికలోకి తోలుకెళ్ళాడు."

ఏప్రిల్ చివర. పొలమంతా బురద, గడ్డిపోచ లేదు. వేలం తర్వాత జున్ను ఫ్యాక్టరీలో చేరిన వాళ్ళ నాన్న ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడని ముగ్గురికీ తెలుసు.

"మంచిదే. కొట్టం ఖాళీగా ఉందన్నమాట. ఇటొచ్చి దీన్ని దింపు, నా నడుం పట్టేసింది" అంది ఆల్మా.

జోలీన్ కదల్లేదు. పెయ్య వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, చివరికి సోర్లీ వైపు చూసింది.

ఆల్మా పుస్తకం తెరిచి కళ్ళు చికిలించింది. "పోయిన వారం నాలుగొందల పన్నెండు పౌన్లు. ఇదేమో నూరు దాటిందో లేదో. పాపం, బాగా చిక్కిపోయింది. కారణం ఏం రాద్దామంటావ్?"

జోలీన్‌కి నవ్వొచ్చేసింది. దాని వెంటే ఏడుపూ వచ్చింది. "రాసినవన్నీ అబద్ధాలు మిస్" అంది ముక్కు ఎగబీలుస్తూ.

"కింద సంతకాలు పెట్టిన పెద్దమనిషిని నేను" అన్నాడు సోర్లీ. "ఆ పేజీలు కొట్టేసి, దూడను నవంబరులో అమ్మేశామని రాయి. కొత్త పేజీ తీసి ఇవాళ్టి తారీఖు వెయ్యి. మిగిలిన వారాలు సరిగ్గా మేపు, మేలో వచ్చి చూసి సంతకం పెడతాను. టేపు ఏదీ?"

దూడ రొమ్ము చుట్టూ టేపు బిగించి కొలిస్తే బరువు తెలుస్తుంది. ఆల్మా వెనకవైపు పట్టుకుంది, సోర్లీ మెడ పట్టుకున్నాడు. పెయ్య ఆయన బూటు తొక్కి, కోటు జేబులో మూతి పెట్టి అందిన కాగితం నమలసాగింది.

"నూట పదకొండు సార్" అంది జోలీన్. "ఉండండి, కదిలింది. మళ్ళీ చూస్తాను." మళ్ళీ చూసింది. "నూట తొమ్మిది." మూడోసారి కూడా కొలిచింది. ఆమె తృప్తిపడేదాకా ఇద్దరు టీచర్లూ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని దూడను పట్టుకున్నారు.

పెయ్య నమిలింది ఆల్మా ఫారమే. ఒక మూల పోయినా మిగతాది బాగానే ఉంది. సోర్లీ దాన్ని బండి ముందుభాగం మీద పరిచి అక్కడికక్కడే నింపాడు. ఉద్యోగానికి తగునా అన్నచోట తగును అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. చూసిన ఇళ్ళు అన్నచోట ముప్పై మూడు అని వేశాడు.

ఆయన భుజం మీదుగా చూస్తున్న ఆల్మా ఊరుకోలేదు. "లెక్క తప్పు సార్. ముప్పై నాలుగు."

"ముప్పై మూడే నీవి. ఈ ఇల్లు నాది. నవంబరులోనే రావలసినవాణ్ణి" అన్నాడు సోర్లీ. ఫారం పైనుంచి కిందిదాకా ఒక్క అక్షరం వదలకుండా చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.