రోడ్డు మీద పోసిన మెగ్నీషియం

మాకు సముద్రం లేదు, బొగ్గు బాయి నీళ్లున్నాయి. బాయిలోంచి, అంటే గనిలోంచి తోడిన నీళ్లను శుద్ధి చేసి కాలనీకి ఇచ్చాక, ఫిల్టర్ల దగ్గర ఉప్పునీళ్లు మిగులుతాయి. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే చోట అలా మిగిలినవాటిలోంచి మెగ్నీషియం, లిథియం లాంటివి రాబడుతున్నారని విని, మనమూ చూద్దామన్నాడు మా పెద్ద సారు. గోదావరిఖని పక్కన, ఓపెన్‌కాస్టు గని రోడ్డు అంచున ప్లాస్టిక్ పరిచిన తొట్టి ఒకటి తవ్వించి, ఆ ఉప్పునీళ్లు నింపించారు. నేను అక్కడ కాంట్రాక్టు కెమిస్టుని. ఎండకు నీళ్లు చిక్కబడ్డాక వాటిలోంచి మెగ్నీషియం తీసి చూపించడం నా పని.

తొట్టికి కాపలా మా అక్క మొగుడు. బావ ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చేరింది, బాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చేశారు. కూర్చుని చేసే పని ఆయనకు దొరికింది ఇదొక్కటే. హైదరాబాద్ నుంచి వచ్చే అధికారులకు ఫలితం చూపిస్తేనే యూనిట్ ఉంటుంది, లేకపోతే మూత. అది బావకూ తెలుసు. రోజూ తొట్టిలో పడ్డ ఆకులు ఏరుతూ, పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా అడిగేవాడు: "బామ్మర్దీ, ఇంకెంత చిక్కవడాలె?"

వేసవంతా కాచుకున్నాం. అధికారులు వచ్చే ముందు రోజు మధ్యాహ్నం బావ అన్నానికి ఇంటికెళ్లాడు, నేను ల్యాబులో ఉన్నాను. బ్లాస్టింగ్ అయింది, దుమ్ము లేచింది. రోడ్డు తడిపే ట్యాంకరు డ్రైవరు మా వైపు అందరూ చేసేదే చేశాడు. బాయి నీళ్లు నిలిచి కనిపిస్తే పైపు వేసి నింపుకోవడం, రోడ్డు మీద కొట్టడం. నేను పరుగెత్తుకొచ్చేసరికి తొట్టిలో ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు.

"బాయి నీళ్లే గద సార్, ఊకెనే ఉన్నయ్. పిల్లలు దగ్గుతున్నరని ఇంకో ట్రిప్పు ఎక్కువనే కొట్టిన," అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. ఒళ్లు మండిపోయింది. కానీ ఏమని తిట్టను? బాయి నీళ్లు రోడ్డుకే అని పుట్టినప్పటి నుంచి వాడూ చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను.

అధికారులు ఖాళీ తొట్టి చూశారు, నా మొహం చూశారు, టీ తాగి వెళ్లిపోయారు. యూనిట్ మూసేయమని కబురొచ్చింది. ఇంకో వేసవి ఇవ్వమని బతిమాలాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

రోడ్డు మాత్రం ఆరలేదు. ఆ మెగ్నీషియం ఉప్పు గాలిలోని చెమ్మను పట్టుకుంటుంది. లారీలు పోతున్నా దుమ్ము లేవలేదు. అక్క ఎన్నాళ్లకో బట్టలు బయట ఆరేసింది. డ్రైవర్ని కాలనీ అంతా పొగిడింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఆఖరి రోజు బావ తాళంచెవులు ఇవ్వడానికి వచ్చాడు. ఇంటి నుంచి నడిచే వచ్చాడట, ఆయాసానికి ఎక్కడా కూర్చోలేదట. ఆ మాట చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది, నాకు ఏడుపొస్తోంది. అవతల తొలకరి మబ్బు పట్టింది. ఒక్క గట్టి వాన పడితే ఆ ఉప్పంతా కొట్టుకుపోతుంది.

"పని పోతే పోయింది గని బామ్మర్దీ," అన్నాడు బావ, "గా నీళ్లు మల్ల ఎప్పుడు కొడ్తరు?"

తొట్టి మూతపడ్డాక ఆ నీళ్లు ఇంకెక్కడివి? "చూద్దాం బావా," అని తాళంచెవులు అందుకున్నాను.