అంజలికి దొరికిన వార్డు

ఆ రోజు పొద్దున మా వంశీ డే ప్రోగ్రామ్ వ్యాన్ ఎక్కనన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు. ఇంటెలెక్చువల్ డిసెబిలిటీ ఉంది, మాటలు తక్కువ. పగటిపూట తనలాంటివాళ్ళతో గడిపే చోటికి తీసుకెళ్ళే ఆ వ్యాన్ అంటే ప్రాణం పెడతాడు. అలాంటివాడు తలుపు దగ్గర చతికిలబడి ఎడమ చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆపబోతే నన్ను తోసేశాడు. ఏదో తేడాగా ఉందని అనిపించింది కానీ, మొండికేశాడులే అనుకున్నాం.

వారం తిరక్కుండానే కారు అద్దం పగిలింది, మా ఆయన చెయ్యి కొరికాడు, పక్కింటివాళ్ళు 911కి ఫోన్ చేశారు. ఎమర్జెన్సీ రూమ్‌లో రోజుల తరబడి స్ట్రెచర్ మీదే ఉంచారు. గది బయట సెక్యూరిటీ గార్డు. ఎక్కడా బెడ్ లేదన్నారు. చివరికి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి నుంచి రెండు గంటల డ్రైవ్‌లో ఒక సైకియాట్రిక్ హాస్పిటల్‌లో, లాక్డ్ యూనిట్‌లో చోటు దొరికింది. ఒక తలుపు దాటితే ఇంకో తలుపు, రెండూ స్టాఫ్ బ్యాడ్జితోనే తెరుచుకుంటాయి. ఫోన్లూ బ్యాగులూ లాకర్‌లో పెట్టి, ఉత్త చేతులతో లోపలికి వెళ్ళాలి.

డాక్టర్ మర్యాదస్తుడే. "ఇది బిహేవియరల్. మెడ్స్ అడ్జస్ట్ చేస్తున్నాం" అన్నాడు. అడ్జస్ట్ అంటే పెంచడం. వాడు కూర్చున్నచోటే తూగేవాడు, నోటి వెంట చొంగ కారేది, నడిస్తే గోడ పట్టుకునేవాడు. తిండి సగానికి సగం తగ్గింది. అదీ సైడ్ ఎఫెక్ట్ అన్నారు. ఇలాగే ఉంటే లాంగ్ టర్మ్ ఫెసిలిటీ గురించి ఆలోచించుకోమని సోషల్ వర్కర్ మెల్లగా చెప్పింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తొందరగా ఇంటికి రారని మాకు తెలుసు.

ప్రతి వారం టీమ్ మీటింగ్‌లో ఆవిడే "ఎనీ కన్సర్న్స్?" అని అడిగేది. మేమిద్దరం "నో కన్సర్న్స్, థాంక్యూ" అనేవాళ్ళం. పిల్లాడు ఆ తలుపుల వెనక ఉన్నాడు, మనం గట్టిగా మాట్లాడితే ఆ కోపం వాడి మీద చూపిస్తారేమోనని మా ఆయన భయం. నాదీ అదే భయం. ఊళ్ళో తెలుగువాళ్ళకి మాత్రం వంశీ ఇండియాలో వాళ్ళ పెద్దమ్మ దగ్గర ఉన్నాడని చెప్పాం. అక్కడి వాతావరణం వాడికి బాగా పడిందని కూడా చెప్పాను.

నిజం తెలిసింది సుజాత ఒక్కదానికే. వాళ్ళమ్మాయి అంజలిదీ మావాడి ఈడే, ఇద్దరూ వెళ్ళేది ఒకే డే ప్రోగ్రామ్‌కి. మా తర్వాత కొద్ది రోజులకే అంజలిని కూడా వేరే హాస్పిటల్‌లో, లాక్డ్ యూనిట్‌లోనే చేర్చారు. కాకపోతే అది ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన యూనిట్. సుజాత సాయంత్రం పూట ఫోన్ చేసి అక్కడి సంగతులు చెప్పేది. ఏం కావాలో బొమ్మలు చూపించి అడుగుతారట. రోజూ పెరట్లో నడిపిస్తారట. స్పీచ్ థెరపిస్ట్ వస్తుందట. నేను "అవునా, మంచిది" అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక కడుపు మండిపోయేది.

వేరే తల్లులు పక్కింటి పిల్లల కాలేజీ సీటు చూసి కుళ్ళుకుంటారు. నేను తాళం వేసిన వార్డు చూసి కుళ్ళుకున్నాను. అంజలి బాగుపడకూడదని ఏనాడూ కోరుకోలేదు. కానీ బాగుపడుతోందని చెప్తుంటే వినబుద్ధి అయ్యేది కాదు. పెరట్లో నడిచిందంటే మావాడు గోడ పట్టుకోవడం కళ్ళముందుకొచ్చేది. కొన్నాళ్ళు తన ఫోన్ ఎత్తడమే మానేశాను. అయినా సుజాత చేస్తూనే ఉంది.

ఒక రోజు ఎత్తక తప్పలేదు. "చేరగానే తల నుంచి కాలి దాకా చెక్ చేశారక్కా. చెవులు, పళ్ళు, కడుపు, అన్నీ. నొప్పి అని చెప్పుకోలేని పిల్లలకి ఫస్ట్ అదే చూడాలంట. మా అంజలికి కాన్స్టిపేషన్, సగం గొడవ దానివల్లేనంట. వంశీకి డెంటిస్ట్ చూశాడా?" అని అడిగింది.

చూడలేదు. ఆ మాట పైకి చెప్పడానికి నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ పిల్లకి డెంటిస్ట్, నా పిల్లాడికి ఇంకో మాత్ర. నా కొడుకేం తక్కువ? కారులో వెళ్ళినంతసేపూ అదే మాట తిరిగింది.

ఆ వారం మీటింగ్‌లో సోషల్ వర్కర్ ఎప్పటిలాగే అడిగింది. మా ఆయన "నో" అనబోయేలోగా నేను అందుకున్నాను. "మా ఫ్రెండ్ కూతురికి అడ్మిట్ అవగానే పళ్ళు చూశారు. నా కొడుకు వచ్చినప్పటినుంచీ ఎడమ చెంపే కొట్టుకుంటున్నాడు. వాడికి ఎందుకు చూడలేదు?" అన్నాను. మా ఆయన టేబుల్ కింద నా కాలు నొక్కాడు, నేను కాలు తీసేసుకున్నాను. డాక్టర్ తమది సైకియాట్రిక్ యూనిట్ అని, డెంటల్ తమ దగ్గర లేదని చెప్పాడు.

"ఉన్నచోటికి పంపించండి" అన్నాను.

వెంటనే పంపలేదు. పేషెంట్ రైట్స్ చూసే ఆవిడకి కంప్లైంట్ ఇచ్చి, ఆవిడకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే తప్ప కదల్లేదు. చివరికి డెంటల్ ఉన్నచోటికి తీసుకెళ్ళి అనస్తీషియా ఇచ్చి చూస్తే, కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం కింద చీము పట్టి ఉంది. చాలా రోజులుగా విపరీతంగా నొప్పి పెట్టి ఉంటుందని సర్జన్ చెప్పాడు. పార్కింగ్ లాట్‌లో మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

పన్ను తీశాక చెంప కొట్టుకోవడం ఆగింది. మందులు తగ్గించడం మాత్రం అంత సులువు కాలేదు. చేతులు వణికాయి, నిద్ర కరువైంది, ఒకసారి కాళ్ళూ చేతులూ కట్టేసే రెస్ట్రెయింట్ దాకా వెళ్ళింది. ఈలోగా అంజలి ఇంటికి వచ్చేసింది. సుజాత సున్నుండలు చేసి పంపింది. నాకు గొంతు దిగలేదు. మా ఆయన తిని బాగున్నాయన్నాడు, ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఇప్పుడు వంశీ ఇంట్లోనే ఉన్నాడు. ఒకటే మందు. చేతుల వణుకు కొద్దిగా మిగిలింది, గ్లాసు సగమే నింపి ఇస్తాను. పొద్దున్నే వ్యాన్ ఎక్కుతున్నాడు. అదే వ్యాన్‌లో అంజలి కిటికీలోంచి "హాయ్ ఆంటీ" అంటుంది. మావాడికి ఇంకా అంత మాట రాలేదు. ఆ పిల్లని చూసి నవ్వుతాను, లోపల ఇప్పటికీ చురుక్కుమంటుంది.

మొన్న ఉండబట్టలేక సుజాతకి చెప్పేశాను, ఆ రోజుల్లో నీ ఫోన్ వస్తే కుళ్ళుతో చచ్చేదాన్నని. అది కాఫీ తాగుతూ నవ్వింది. "తెలుసక్కా. నువ్వు 'మంచిది' అనే తీరులోనే తెలిసిపోయేది. అందుకే ఇంకా వివరంగా చెప్పేదాన్ని. నువ్వు వెళ్ళి అడుగుతావని" అంది.

మీవాళ్ళు ఇలాంటి వార్డులో ఉంటే, బిహేవియరల్ అన్న మాట వినగానే పళ్ళు, చెవులు, కడుపు చూశారా అని అడగండి. వేరే హాస్పిటల్‌లో ఉన్న ఇంకో పిల్ల తల్లికి ఫోన్ చేసి, అక్కడ ఏమేం చేస్తున్నారో మొత్తం చెప్పించుకోండి. కడుపు మండితే మండనివ్వండి. అది చల్లారకముందే మీటింగ్‌కి వెళ్ళండి.