జేబులతో నగరాలను కొలిచే మనిషి

దర్జీ పని చేసే ఆ పొట్టావిడ నగరాలను జేబులతో కొలుస్తుంది. ఇదివరకు తను ఉన్న నగరంలో దొంగల భయానికి ప్రతి ఆడమనిషికీ బట్టల లోపల రహస్యపు జేబు కుట్టేదట. ఈ నగరానికి వచ్చిన రెండేళ్లలో అలాంటి జేబు ఒక్కరూ అడగలేదు. అయినా మిషను తొక్కినంతసేపూ అక్కడి కబుర్లే తలచుకుంటుంది. ఇక్కడివాళ్లు కొలతలిచ్చి, నోరు కుట్టేసుకుని పోతారని ఆవిడ బాధ.

నిన్న సాయంత్రం అక్కడి నుంచి అక్క ఫోను చేసి, "నీ పాత కొట్టు ఖాళీ అయిందే! వస్తావో రావో ఇప్పుడే చెప్పు, ఇంకొకరికి ఇచ్చేస్తారట," అంది. ఈవిడ నోట్లోని గుండుసూదులు తీసి "వస్తా" అనబోతుంటే, పదేళ్ల కూతురు పాటల క్లాసు నుంచి ఒక్కతే గొంతు చించుకుని పాడుకుంటూ వచ్చింది. అక్కడైతే తల్లి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సిందే. ఆవిడ కాసేపు ఆ పాట వింది. శ్రుతి లేదు, భయమూ లేదు.

"అక్కా, కొట్టు వాళ్లకే ఇచ్చెయ్యమను. నువ్వే ఇటు వచ్చెయ్యి, ఇక్కడ వాగేవాళ్లకు కరువుగా ఉంది!"