చివరి ఉరుము తర్వాత

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే దివిసీమే. బందరులో ఆఖరి పరీక్ష రాసిన మర్నాడు అమ్మ నన్ను అవనిగడ్డ బస్సెక్కించేది. అక్కడ తాతయ్య సైకిలు మీద కాచుకుని ఉండేవాడు. మా పిన్ని కూతురు కూడా గుడివాడ నుంచి వచ్చేది. నేను చెప్పే ఏడాది నాకు పదేళ్ళు, దానికి ఏడు. తొంభైల మొదట్లో మాట ఇది. నేను ఎక్కడికి వెళ్తే అది అక్కడికి నా గౌను కుచ్చు పట్టుకుని వచ్చేది.

దాళ్వా అనే రెండో పంట కోతలయ్యాక తాతయ్య పొలంలోకి బాతులవాళ్ళు దిగేవాళ్ళు. కొల్లేరు వైపు నుంచి బాతుల్ని వ్యానుల్లో తోలుకొచ్చి, కోసిన చేలల్లో రాలిన గింజల మీద మేపుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో పది రోజులు, ఇంకో ఊళ్ళో పది రోజులు. నాలుగు వెదురు బొంగులు పాతి, మీద నల్ల పట్టా కప్పితే అదే వాళ్ళ ఇల్లు. పక్కనే వల కట్టి సాయంత్రానికి బాతుల్ని అందులోకి తోలేవాళ్ళు.

ఆ ఏడు వచ్చింది భార్యాభర్తలిద్దరే. ఆయన మధ్యాహ్నం దాటగానే గుడ్లు సైకిలుకి కట్టుకుని అవనిగడ్డ వెళ్ళిపోయేవాడు. చీకటి పడ్డాకే రాక. అంతవరకు అయిదొందల బాతులకీ ఆవిడ ఒక్కతే. మేం ఆవిడని బాతుల మామ్మ అనేవాళ్ళం. మనిషి సన్నం. చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, చివర గుడ్డపీలిక కట్టిన పొడవాటి గెడ చేత్తో పట్టుకుని ఉండేది. నోటితో “బా... బా...” అంటే చాలు, చెల్లాచెదురుగా ఉన్న బాతులన్నీ తలలెత్తేవి.

మాకు బాతుల కంటే ఆ గుడారం మీద మోజు. ఒక్క రాత్రి అందులో పడుకోవాలని మూడు రోజులు ఇంట్లో సతాయించాం. అమ్మమ్మ పాములంది, పురుగులంది. చివరికి తాతయ్యే మెత్తబడ్డాడు. “ఒక్క రాత్రికే గదా, ఆవిడ మన మనిషి లాంటిదే” అన్నాడు. దుప్పటి, బ్యాటరీ లైటు, గోంగూర పచ్చడన్నం పెట్టిన క్యారేజీ తీసుకుని మధ్యాహ్నం మూడింటికే పొలంలో వాలాం. చెల్లి గుడారంలోకి దూరడం, బయటికి రావడం, మళ్ళీ దూరడం. ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు.

ఎండ మండిపోతోంది. పొలం గట్టు మీద మూడు తాటిచెట్లు ఉండేవి. గుడారం వాటి కింద వేసుకుంటే నీడగా ఉండేది కదా అని అడిగాను, నాకేదో గొప్ప తెలివి ఉన్నట్టు. మామ్మ నవ్వింది. “తాటిచెట్టు నీడ ఎంతమ్మా, చారెడు. దాన్ని ఎతుక్కుంటా వచ్చే పిడుగులు మాత్రం బోలెడు” అంది.

నాలుగున్నర వేళకి గాలి పూర్తిగా స్తంభించింది. పడమట ఆకాశం కాటుక పూసినట్టయింది. బాతులు దూరంగా డ్రైను కాలవ దగ్గర మేస్తున్నాయి. ఆ నల్లటి మబ్బులో ఒక తీగ మెరిసింది. మామ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయి పెదవులు కదిపింది. ఏదో మంత్రం చదువుతోందనుకున్నాను. ఉరుము వినబడ్డాక పెదవులు ఆగాయి. మళ్ళీ మెరిసింది, మళ్ళీ పెదవులు కదిలాయి. ఈసారి తొందరగా ఆగాయి. అప్పుడు తెలిసింది, ఆవిడ లెక్కపెడుతోందని.

“దగ్గరికొచ్చేస్తంది. లేవండి, తుఫాను బిల్డింగుకి పోదాం” అంది.

మా ఊరి తుఫాను బిల్డింగు రోడ్డు పక్కన, ఆ చేలకి నాలుగు మడుల అవతల ఉండేది. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన సిమెంటు హాలు. తలుపుకి గొళ్ళెమే గానీ తాళం ఉండేది కాదు. అక్కడికి వెళ్తే మా గుడారం రాత్రి పోయినట్టేనని నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది. చెల్లి చెయ్యి పట్టి లాక్కుని గుడారంలో మూలకి పోయి కూర్చున్నాను. గుడారం ఉన్నది వానొస్తే తలదాచుకోవడానికి కాదా అని నా వాదన.

మామ్మ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుంది. కోప్పడలేదు. “ఈ పట్టా వానకి అడ్డమే అమ్మాయ్. పిడుక్కి అడ్డం కాదు” అంది.

“మరి బాతులో?” అన్నాను. అలా అంటే ఆగిపోతుందని నా ఆశ.

ఆవిడ డ్రైను వైపు చూసింది. వాటిని పోగుచేసి వలలోకి తోలాలంటే అరగంట పైనే పడుతుంది. ఆ చూపు ఎంతో సేపు లేదు. చేతిలో గెడ నేల మీద పడేసింది. గెడ లేకుండా ఆవిడని నేను చూడడం అదే మొదలు. “రండి” అంది, అంతే. నా మొండితనం ఏమైందో తెలియదు, లేచాను.

బయటికొచ్చాక చెల్లి ఆవిడ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. నా చెయ్యి కూడా దాన్ని పట్టుకోనివ్వలేదు. పిల్ల బావురుమంది. అంత కఠినంగా ఎందుకుందో నాకప్పుడు తెలియలేదు. పిడుగు పడితే ఒకరిని పట్టుకున్నది ముగ్గురినీ పట్టుకోకూడదని ఆవిడ భయం. ఆ మాట ఏడేళ్ళ పిల్లకి చెబుతారా? అందుకని ఒక ఆట కట్టింది. మేం ముగ్గురం బాతులం. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో పదేసి అడుగులు. ముందు చెల్లి, తర్వాత నేను, చివర ఆవిడ. ఆవిడ “బా... బా...” అంటే మేం “క్వాక్” అనాలి. వెనక్కి తిరగకూడదు, పరిగెత్తి పడకూడదు.

ఎత్తయిన గట్టు మీద నుంచి కాకుండా చేలోంచే నడిపించింది. తాటిచెట్లకి దూరంగా చుట్టు తిప్పింది. కోసిన వరి కొయ్యకాళ్ళు అరికాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. మెరుపు మెరిసినప్పుడల్లా చెల్లి ఆగిపోయేది. వెనక నుంచి “బా... బా...” వినబడేది. ఏడుస్తూనే “క్వాక్” అనేది, మళ్ళీ అడుగు వేసేది. దాని గొంతు విని నేను, నా గొంతు విని మామ్మ. అలా నాలుగు మడులు దాటాం.

బిల్డింగు మెట్లెక్కుతుండగా పెద్ద చినుకులు మొదలయ్యాయి. హాల్లోకి వెళ్ళాక మమ్మల్ని కిటికీల ఇనుప ఊచల దగ్గరికి పోనివ్వలేదు, గోడకి ఆననివ్వలేదు. మధ్యలో కూర్చోబెట్టింది. అప్పుడే పడింది. వెలుగూ చప్పుడూ ఒకేసారి. నేల అదిరింది. కిటికీలోంచి చూస్తే గట్టు మీద మధ్య తాటిచెట్టు తల, అంత వానలోనూ కాగడాలా మండుతోంది. చేలో మా గుడారం కనబడలేదు.

చాలాసేపటికి వాన సన్నబడింది. తాతయ్య గొడుగేసుకుని రోడ్డు మీద ఆదరాబాదరాగా వస్తుంటే చెల్లి ఎందుకో “క్వాక్” అని అరిచింది. ఆయన మెట్లెక్కి మమ్మల్నిద్దర్నీ చూసి, మా తలలూ భుజాలూ తడిమాడు. “వాన తగ్గింది గదా, పిల్లల్ని తీసుకెళ్తా. నువ్వెళ్ళి నీ బాతుల్ని చూసుకో” అన్నాడు మామ్మతో.

“ఇంకా ఉరుముతోంది బాబుగారూ. కూర్చోండి” అంది ఆవిడ.

ఊళ్ళో ఎవరూ తాతయ్యని అలా కూర్చోమనగా నేను వినలేదు. ఆయనా ఆశ్చర్యపోయినట్టున్నాడు. అప్పుడు ఆవిడ నేల వైపు చూస్తూ చెప్పింది. “మా తమ్ముడు పిడుక్కి పోయింది వానలో కాదండి. వానంతా నాతో పాటు బడిలోనే ఉన్నాడు. చినుకు ఆగింది, బాతులు చెదిరిపోతాయక్కా అని బయల్దేరాడు. నేనే ఎళ్ళమన్నా.” తాతయ్య గొడుగు మూసి, పంచె సర్దుకుని, మా పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆఖరి ఉరుము విన్నాక, ఎసట్లో బియ్యం పోసి అన్నం దించేంత సేపు ఆగి గానీ బయటికి వెళ్ళకూడదని ఆవిడ లెక్క. ఒకసారి ఆ లెక్కలో అన్నం ఉడకబోయే వేళకి దూరంగా గుడగుడమంది. “మళ్ళీ ఎసరు పెట్టు మామ్మా” అంది చెల్లి. అందరం నవ్వాం, ఆవిడ కూడా. కానీ డ్రైను వైపు నుంచి బాతుల అరుపులు సన్నగా వినబడుతూనే ఉన్నాయి. ఆవిడ పొలం వైపు వీపు పెట్టి కూర్చుంది. ప్రతి అరుపుకీ కాలి వేళ్ళు ముడుచుకోవడం నేను చూశాను. మనిషి మాత్రం లేవలేదు.

సంధ్య వెలుతురులో అందరం పొలానికి వెళ్ళాం. గుడారం నేలమట్టమై ఉంది. తాటిచెట్టు మొదట్లో, ఉరుములకి బెదిరి వచ్చి చేరిన బాతులు పాతిక దాకా చచ్చి పడి ఉన్నాయి. మామ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని రెక్క సర్ది మళ్ళీ కింద పెట్టింది. మిగతావి ఎటు పోయాయో తెలియదు. ఆ తర్వాత రెండు రోజులు తాతయ్య, ఊళ్ళోవాళ్ళు డ్రైను పొడుగునా వెతికి చాలావరకు తోలుకొచ్చారు. అన్నీ దొరకలేదు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. మేం అక్కడ లేకపోతే ఆవిడ బాతుల్ని వలలోకి తోలుకునేదేమో అని లోపల తొలిచేది. వాళ్ళు సామాను వ్యానుకెక్కించుకునే రోజు ధైర్యం చేసి ఆ మాటే అడిగాను. ఆవిడ నా జడ ముందుకి లాగి చూసి, “మీరు లేకపోయినా పోయేదాన్నేనమ్మా. మా తమ్ముడు పోయినప్పట్నుంచి ఉరుం వింటే నేనాగను” అంది. అది నిజమో, చిన్నపిల్ల మనసు తేలికపరచడానికి అన్నదో నాకీనాటికీ తెలియదు. మర్నాటి నుంచి అన్నం మాత్రం తిన్నాను.

మళ్ళీ ఏడు ఇంకెవరో బాతులవాళ్ళు వచ్చారు. ఆవిడని నేను మరి చూడలేదు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. బందరులో ఒక బడిలో టీచరుగా చేస్తూ ఏటా ఆడపిల్లల్ని సముద్రం ఒడ్డున క్యాంపుకి తీసుకెళ్తుంటాను. కొన్నేళ్ళ క్రితం సరిగ్గా గుడారాలు వేసి, పొయ్యి రాజేసే వేళకి ఎక్కడో ఉరిమింది. నేను పొయ్యి ఆర్పించాను. ముప్ఫయి మందినీ బస్సెక్కించి, కిటికీలు మూయించాను. పిల్లలు బతిమాలారు, కొందరు ఏడ్చారు. గుడారంలో ఒక్క రాత్రి పడుకోవడానికి ఎంత సతాయిస్తారో నాకు తెలియనిదా? తోటి టీచరుగారు, “ఎక్కడో దూరంగా ఉరిమింది, దానికే ఇంత హడావుడా మేడమ్” అన్నారు. మేం ఊళ్ళోకి వచ్చేసరికి ఆకాశం తేటపడింది. ఆ సాయంత్రం చినుకు కూడా పడలేదు.

పిల్లలు నా మీద అలిగి బస్సు దిగారు. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనీ తల్లిదండ్రులకి అప్పగించాను. ముప్ఫయి మందీ అలిగే వెళ్ళారు. ముప్ఫయి మందీ ఇళ్ళకి వెళ్ళారు.