లోతుకు నిధులు లేవు

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటోలో ఇరుక్కుని ఉన్నాను. "అత్త పోయింది బిడ్డా. చెలకల్నే మట్టి జెయ్యమన్నది గద, ఊరికి పోదాం," అన్నాడు నాన్న. నాకు వెంటనే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

ఆమె మీకు తెలియదు కాబట్టి చెబుతాను. ఉప్పల్ నుంచి గంటకు పైగా బస్సులో పోతే మా ఊరు. అక్కడ అత్తకు కొద్దిపాటి చెలక, వానకు పండే మెట్టభూమి, ఉంది. కందులు పండేవి. పక్కన మందుల కంపెనీ వచ్చి, తన మురికంతా వాగులోకి వదిలాక కంది మొక్క మోకాలెత్తు దాటలేదు. బోరు నీళ్లు తాగిన బర్రెకు కడుపు నిలవలేదు. చివరికి అత్త నాచారంలో మా మూడో అంతస్తుకు వచ్చేసింది. పెయింటు బకెట్లో పుదీనా పెంచేది. పొద్దున్నే అందులోని మట్టి చిటికెడు తీసి వాసన చూసేది. ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు గాలి వస్తే, "తలుపు తియ్యి కోడలా, మన చుట్టాలొచ్చిన్రు," అనేది.

అత్త ఇంకా ఊళ్లో ఉన్నప్పుడే, ఆ చెలక మట్టి పరీక్షకు ఒకసారి సర్కారు పైసలు మంజూరయ్యాయి. అత్త ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్న పరీక్ష అది. ఇంటికి చుట్టం వస్తే వాకిట్లో ఎర్రమట్టి పోసి, సాన్పి, అంటే పేడనీళ్ల కళ్లాపి, చల్లడం మా దగ్గర పద్ధతి. అది కంపెనీ సూపర్‌వైజర్‌కూ తెలుసు. ట్రాక్టర్లతో ఎర్రమట్టి పంపించాడు. "సార్లొస్తున్నరు. చెలక గిట్ల నల్లగుంటే ఊరి ఇజ్జత్ ఏముంటదమ్మా?" అన్నాడట. అత్త అతనికి చాయ్ పోసింది. ఆడవాళ్లంతా కలిసి మట్టి పరిచి సాన్పి చల్లారు. చుట్టాల మర్యాదే అనుకుని అందరికంటే ముందు పార పట్టింది అత్తే. సార్లు వచ్చారు, పైపైన గీకి సంచుల్లో నింపుకున్నారు, కొబ్బరినీళ్లు తాగి పోయారు. భూమి భేషుగ్గా ఉందని తేలింది. సూపర్‌వైజర్ ఊరంతా మిఠాయి పంచాడు.

తర్వాత అత్త వెంట ఆఫీసుకు నేనే పోయేదాన్ని.

"కింద తవ్వి సూడుర్రి సారు. పైనున్నది మేం వోసిన మట్టి."

"ఎందుకు పోసిన్రమ్మా మరి?"

"మీరొస్తున్నరని."

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. "లోతు తవ్వాలంటే మిషన్ రావాలె. దానికి నిధుల్లేవు. ఒకపాలి బాగుందన్న భూమికి మళ్ల పైసలెవరిస్తరు?"

ఆ నవ్వు నాకు గుర్తుంది. మరిచిపోయే ఉద్దేశం లేదు.

మెట్లు దిగుతూ నేను తిడుతుంటే అత్త నా చేయి పట్టుకుంది. "ఊకో బిడ్డా. నేను సచ్చిన్నాడు తవ్వక తప్పదు గద. గప్పుడు బడ్జెట్ అడుగరు." నవ్వుతూనే అన్నది. ఆ నవ్వులో కత్తి ఉంది.

చర్చిలో క్షమాపణ మీద ప్రసంగం విన్న ఆదివారం కూర మరింత కారంగా ఉండేది. "మాఫ్ జేసుడు దేవుని పని. యాదుంచుకునుడు నా పని," అంటూ వడ్డించేది. నా డిగ్రీ చదువులో ఎవరూ నేర్పనిది, కోపాన్ని పాడుకానివ్వకుండా దాచుకోవడం, నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

కిడ్నీలు పాడై అత్త పోయింది. ఆ నీళ్ల వల్లేనని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. రుజువు దొరకకుండా చేసిన సూపర్‌వైజరే పూలదండతో చెలకకు వచ్చాడు.

"లోతుగ తవ్వుర్రి, ఆమె మాట అది," అని నాన్న గట్టిగా చెప్పాడు. ఎర్రమట్టి జానెడు కూడా లేదు. దాని కింద తారులాంటి నలుపు, నూనె మెరుపు. వాసనకు సర్పంచ్ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అయ్యో, దీని మీదనా మనం సాన్పి జల్లింది!" అని ఒక ముసలమ్మ గుండె బాదుకుంది. పార పడినకొద్దీ నలుపే వచ్చింది. ఊరంతా చూసింది.

పెట్టె దించాక తలా పిడికెడు మట్టి వేయాలి. సూపర్‌వైజర్ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు.

"రాండ్రి సార్," అన్నాను. "అందరు ఏస్తున్నరు. మా అత్త మీకు చాయ్ వోసింది గద."

జనం దారి ఇచ్చారు. అతను ఎర్రమట్టి కోసం అటూ ఇటూ చూశాడు. నాన్న పారతో నల్లకుప్పను అతని కాళ్ల ముందుకు జరిపాడు. అతను వంగి చిటికెడు తీశాడు.

"పిడికెడు సారు," అంది ముసలమ్మ.

పిడికెడే తీశాడు. వేశాడు. వేళ్ల సందుల్లో నల్లటి జిగురు మిగిలిపోయింది. చేతిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నీళ్లడిగాడు.

నేను బోరు చూపించాను.

అతను బోరు వైపు చూశాడు. మా వైపు చూశాడు. వేళ్లు చాపుకుని అక్కడే నిలబడిపోయాడు.