రెండో తాళంచెవి

మా కంప్యూటర్ ల్యాబ్ సార్ పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. నేను రాసిన కోడ్‌లోని తప్పును సరిచేసే అప్‌డేట్ విడుదలైంది కూడా ఆ పొద్దునే. మీ కంప్యూటర్‌కూ వచ్చే ఉంటుంది; మీలో సగంమంది 'తర్వాత' అని నొక్కి ఉంటారు. మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఇబ్రహీంపట్నం బయటి కాలేజీలో మాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఆయనే. మెమరీ పాఠం వస్తే జేబులోంచి ల్యాబ్ తాళంచెవి తీసి ఊపేవారు.

"జాగ వాపస్ ఇచ్చినవా? తాళంచెవి గూడ ఇచ్చెయ్యాలె. జేబుల పెట్టుకుంటే, గా అర్రల ఇంకెవరు దిగిన్రో నీకేం తెల్సు?"

మేం నవ్వుకునేవాళ్లం. రిటైరైన మర్నాడు ఇంట్లో ఇంకో తాళంచెవి దొరికిందని, ఎర్రటెండలో బస్సెక్కి వచ్చి ఇచ్చి వెళ్లిన మనిషి. లేచేటప్పుడు కుర్చీ లోపలికి నెట్టకపోతే, గేటు దాకా వెళ్లినవాళ్లను కూడా వెనక్కి పిలిచేవారు. అప్పుడు ఒళ్లు మండేది.

నేను చేసింది ఆ తాళంచెవి తప్పే. తెరమీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌లో, వాడిన మెమరీని వెనక్కి ఇచ్చేశాను గానీ దాని చిరునామా ఇంకోచోట మిగిలిపోయింది. ఆ దారిన ఇంటర్నెట్‌లోంచి ఎవడైనా దూరి కంప్యూటర్ మొత్తం చేజిక్కించుకోవచ్చు. ఇన్నేళ్లకు అది నా కళ్లకే కనబడింది. ఉద్యోగం పోతుందని రెండు రోజులు నోరు మెదపలేదు. మూడో రోజు సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఆఫీసుల చెప్పినవా బిడ్డా?"

"లేదు సార్. భయమైతుంది."

"తప్పు అందరు చేస్తరు. తెల్సినంక దాస్తున్నవ్ చూడు, గది నాకు నచ్చలె. ఫోన్ పెట్టేసి పోయి చెప్పు."

చెప్పాను. చీవాట్లు పడ్డాయి, ఉద్యోగం మిగిలింది. సార్‌కు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు. అంతా అయ్యాక ఒకేసారి చెబుదామనుకున్నాను. ఇందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్యను మేం అమ్మా అనే పిలుస్తాం. ఆమె సార్ కంప్యూటర్ చూపించింది. ఇంటర్నెట్ వైరు ఊడదీసి, చుట్టచుట్టి తెర పక్కన పెట్టి ఉంది.

"నువ్వు ఫోన్ చేసిన దినమే మీ సారు గుంజేసిండు. బిడ్డ మంచిగ జేసినంక పెడ్త అన్నడు. ఫోన్ వచ్చిందా అని రోజు అడుగుతుండె."

నాకు అక్కడ ఏడుపొచ్చింది. కాసేపటికి కూర్చుని వైరు పెట్టి, అప్‌డేట్ ఎక్కించాను. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది అమ్మా."

లేచి నాలుగడుగులు వేశాను. వెనక్కి వచ్చి, ఆయన కుర్చీని లోపలికి నెట్టాను.