పొయ్యిలో పడిన బంతులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా నిర్మల్ దారిలో బంతుల కార్ఖానా ఉండేది. గుర్రాల మీద ఎక్కి ఆడే ఆటకు అక్కడ వెదురు దుంపతో బంతులు చేసేవాళ్లం. ఆ ఆటను మాలో ఒక్కరూ చూడలేదు. మగవాళ్లు దుంపను గుండ్రంగా చెక్కితే, ఆడవాళ్లం నున్నగా రుద్ది మూడు పూతలు తెల్లరంగు వేసేవాళ్లం.

మేస్త్రీ ప్రతి బంతినీ బండకేసి కొట్టి చూసేవాడు. వెంట్రుకంత పగులు కనిపించినా అది పనికిరాదు. దాన్ని రంగు వేసిన మనిషే గొడ్డలితో రెండు ముక్కలు చేయాలి. ఏం కానూను అది!

నా పక్కన కూర్చునే పెద్దమ్మ ఒకరోజు అలాంటి బంతిని కింద పెట్టకుండా అడిగింది.

"గిది ఎట్లైనా పడేసేదే గదా సాబ్. నా మనుమరాలు ఆడుకుంటది, జర ఇయ్యరాదుండ్రి."

"నీకిస్తే రేపటి సంది అందరు కావాలనే పగలగొడ్తరు. కొట్టు," అన్నాడు మేస్త్రీ.

ఆమె కొట్టింది. మేమంతా చూస్తూ కూర్చున్నాం. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

తర్వాత గుర్రాలాట ఆడే దొరలు తగ్గిపోయి కార్ఖానా మూతపడింది. బస్తాల కొద్దీ మంచి బంతులు మిగిలాయి. యజమాని వాటిని తన బిడ్డ పెండ్లి వంటలకు కట్టెలుగా వాడాడు. పొయ్యిలో వేయడానికి మమ్మల్నే పిలిపించాడు. ఒక్క బంతి కూడా ఎవరి కొంగులోకీ పోకుండా చూడడానికి మేస్త్రీ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.